చచ్చిన కాలేజీలో అమరావతి

మా చిన్నప్పుడు గుంటూరు నుంచి ఎవరు మద్రాసు వెళ్ళొచ్చినా చుట్టుపక్కల వాళ్ళు అడిగే ప్రశ్న ఒకటే, "చచ్చిన కాలేజీ, బతికిన కాలేజీ చూశారా?" అని. చచ్చిన కాలేజీ అంటే ఎగ్మూరు మ్యూజియం, బతికిన కాలేజీ అంటే జూ. ఆ జూ అప్పటికింకా సెంట్రల్ స్టేషన్ పక్కన మూర్ మార్కెట్ దగ్గరే ఉండేది, వండలూరు వెళ్ళలేదు. అసలు ఈ రెండూ ఒకప్పుడు ఒకే కాంపౌండులో ఉండేవని చాలా ఏళ్ళకి గానీ నాకు తెలీలేదు. 1851లో మ్యూజియం పెట్టినప్పుడు దాని బాధ్యత చూసిన ఎడ్వర్డ్ బాల్ఫోర్ అనే డాక్టరు, ఉత్త రాళ్ళు చూడ్డానికి జనం ఎందుకొస్తారులే అనుకున్నాడో ఏమో, 1855లో అక్కడే బతికున్న జంతువుల్ని కూడా పెట్టించాడు. జంతువుల కోసం వచ్చినవాళ్ళు, ఎటూ వచ్చాం కదా అని రాళ్ళు కూడా ఓసారి చూసి పోతారని కాబోలు. మా బావలూ నేనూ అచ్చం ఆ బాపతే.

వేసవి సెలవులకి మా మామయ్య వాళ్ళింటికి వెళ్ళేవాళ్ళం. ఆయన ఉద్యోగం మద్రాసులో, పుట్టి పెరిగింది మాత్రం అమరావతికి దగ్గర్లో, కృష్ణ ఒడ్డున ఓ పల్లెలో. 1952లో కాలేజీ కుర్రాడు, 'మద్రాసు మనదే' అని అరిచిన గుంపుల్లో తనూ ఉన్నానని చెప్పుకునేవాడు. పొట్టి శ్రీరాములుగారు పోయారు, 1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం వచ్చింది, మద్రాసు మాత్రం రాలేదు. ఈయనకేమో ఆ మద్రాసులోనే ఉద్యోగం దొరికింది, అక్కడే సంసారం పెట్టాడు. మ్యూజియంలో అమరావతి బౌద్ధ స్తూపం నుంచి వచ్చిన శిల్పాల రాళ్ళ ముందు నిలబడినప్పుడల్లా "ఇవీ నేనూ ఇక్కడ మిగిలిపోయిన సరుకేనే అమ్మాయ్" అనేవాడు. అప్పుడు నాకేం అర్థం కాలేదు, ఆయన నవ్వాడు కాబట్టి నేనూ నవ్వేదాన్ని.

మా అత్తయ్య పెరుగన్నం, మాగాయ పచ్చడి కట్టిచ్చేది. పల్లవన్ బస్సెక్కి పాంథియన్ రోడ్డులో దిగితే ఎర్ర ఇటుకల భవనాలు వరసగా కనబడేవి, మ్యూజియం థియేటరు, కన్నెమరా లైబ్రరీ, చెట్ల కింద పాత ఫిరంగులు. చిన బావ గేటు దాటగానే ఫిరంగి ఎక్కి కూర్చునేవాడు, వాచ్‌మన్ అరిచేవాడు, ఇది ప్రతిసారీ జరిగే తంతు. పెద బావకి తిమింగలం కావాలి. మామయ్యకి రాళ్ళు కావాలి. టికెట్లు కొనేది మామయ్య కాబట్టి ముందు రాళ్ళే.

ఆ హాల్లో అడుగు పెట్టగానే చల్లగా ఉండేది. బయట మే నెల మద్రాసు ఎండ, చెమట, ఆ లోపల మాత్రం ఎత్తైన కప్పు, కొంచెం చీకటి, ఎవరి చెప్పుల చప్పుడు వాళ్ళకే గట్టిగా వినబడేది. ఫలకాలు కొన్ని గోడల్లోకి సిమెంటుతో బిగించేసి ఉండేవి, ఎప్పుడో 1880ల్లో చేసిన పని అది. రాయికి సిమెంటు పడదని, తేమ లాగి ఉప్పు పేరుకుంటుందని తర్వాతి కాలం వాళ్ళకి తెలిసింది గానీ, అప్పటికి పని అయిపోయింది. చిన్నపిల్లలం కదా, మాకు మాత్రం ఆ గోడే ఓ పెద్ద బొమ్మల పుస్తకంలా ఉండేది.

మామయ్య వివరించేవాడు కాదు, అడిగేవాడు. అదే ఆయన పద్ధతి. నలగిరి ఏనుగు కథ చెక్కిన గుండ్రటి ఫలకం ఒకటుంది, అమరావతి శిల్పాల్లో బాగా పేరున్న వాటిల్లో అదొకటి. దాని ముందు మమ్మల్ని నిలబెట్టి "ఏనుగులెన్ని?" అన్నాడు. రెండు అన్నాం ముగ్గురం. "సరిగ్గా చూడండి." మళ్ళీ చూశాం, రెండే. ఒకటి ఎడం పక్క, ఊరి ద్వారంలోంచి దూసుకొచ్చి, తొండంతో ఒక మనిషిని పట్టుకుని విసురుతోంది. కాళ్ళ కింద మరొకడు నలిగిపోతున్నాడు. రెండోది కుడి పక్కన, బుద్ధుడి ముందు మోకరిల్లి ఉంది. "రెండు కాదర్రా, ఒక్కటే. ఎడం పక్కది ముందు జరిగింది, కుడి పక్కది తర్వాత జరిగింది" అన్నాడు. దేవదత్తుడు బుద్ధుణ్ణి చంపించాలని రాజగృహం వీధిలోకి మదించిన ఏనుగుని వదిలించాడని, అది జనాన్ని తొక్కుకుంటూ వచ్చి బుద్ధుడి ముందుకి వచ్చేసరికి శాంతించిందని అప్పుడు చెప్పాడు కథ.

ఆ తర్వాత ఆ రాయి నన్ను వదల్లేదు. ఒకే చిన్న గుండ్రంలో ముందుదీ తర్వాతదీ పక్కపక్కనే పెట్టి, మధ్యలో గీత కూడా గీయకుండా వదిలేసిన ఆ శిల్పి ధైర్యం చూడండి. చూసేవాళ్ళకి తెలుస్తుందిలే అనే నమ్మకం. వీధిలో జనం చెల్లాచెదురవుతుంటారు, ఒకావిడ భయంతో పక్కనున్నవాణ్ణి అతుక్కుపోయి ఉంటుంది, పైన మేడ కిటికీల్లోంచి తలలు బయటపెట్టి చూసేవాళ్ళు చూస్తూనే ఉంటారు. చిన బావ వాళ్ళని చూసి "వీళ్ళవి బాల్కనీ టికెట్లు" అన్నాడు, మామయ్య పగలబడి నవ్వాడు. నిజానికి అంతకంటే మంచి వ్యాఖ్యానం నేను ఆ శిల్పం గురించి ఎక్కడా చదవలేదు. కింద ప్రాణాలు పోతున్నా మేడ మీద వాళ్ళకి అది తమాషానే. రెండో శతాబ్దంలో ఎవరో మనిషి కృష్ణ ఒడ్డున కూర్చుని, మన వీధుల్లో ఇప్పటికీ జరిగేదాన్ని చూసినట్టు చెక్కి పెట్టాడు.

ఇంకో గుండ్రటి ఫలకంలో బుద్ధుడి భిక్షాపాత్రని దేవతలు తలకెత్తుకుని స్వర్గానికి మోసుకెళ్తుంటారు. అందులో ఒక్కరు కూడా నిలకడగా ఉండరు. ఆడేవాళ్ళు, ఎగిరేవాళ్ళు, చేతులు పైకెత్తినవాళ్ళు, అందరూ ఆ పళ్ళెం చుట్టూ గిరగిరా తిరుగుతున్నట్టే ఉంటుంది. దాని ముందు కాసేపు నిలబడితే మనకి కళ్ళు తిరుగుతాయి. కొన్ని రాళ్ళలో మాత్రం బుద్ధుడే ఉండడు, ఖాళీ సింహాసనం, కింద రెండు పాదాల గుర్తులు, చుట్టూ దణ్ణం పెట్టే జనం. "ఆయనేడి మామయ్యా?" అంటే "వాళ్ళందరికీ కనబడుతున్నాడు కదా, నీకెందుకు కనబడట్లేదో నువ్వే ఆలోచించు" అనేవాడు. ఇలా అంటే పిల్లలకి ఒళ్ళు మండదూ?

జగ్గయ్యపేట నుంచి వచ్చిన ఫలకం ఒకటుంది, అమరావతి బొమ్మల కంటే పాతది. మాంధాత చక్రవర్తి నిలబడి చెయ్యి పైకెత్తుతాడు, మబ్బుల్లోంచి నాణేల వాన కురుస్తుంది. పక్కన చక్రం, ఏనుగు, గుర్రం, రాణి, మంత్రి. మనుషులు బక్కపల్చగా, కాళ్ళు సన్నగా, రాతికి అతుక్కుపోయినట్టు ఉంటారు. దాన్ని చూసి వెంటనే నలగిరి దగ్గరికి వెళ్తే మధ్యలో గడిచిన కాలంలో చెక్కేవాళ్ళ చెయ్యి ఎంత తిరిగిందో తెలుస్తుంది. ఇది ఇప్పటి మాట. అప్పుడు మా దృష్టంతా డబ్బుల మీదే. ఆ నాణేలు గుండ్రంగా ఉండవు, పలకలుగా ఉంటాయి. చిన బావ ఇవి డబ్బులు కావు బిస్కెట్లు అని వాదించాడు. ఆ కాలం నాణేలు అలాగే ఉండేవని, వెండి రేకుని ముక్కలుగా కత్తిరించి ముద్రలు కొట్టేవాళ్ళని, వాటిని విద్ధాంక నాణేలంటారని మామయ్య చెప్పాడు. స్కూల్లో అదే పాఠం వచ్చినప్పుడు క్లాసులో నేను చెయ్యెత్తాను, జీవితంలో చరిత్ర క్లాసులో చెయ్యెత్తింది ఆ రోజే.

తిమింగలం అస్థిపంజరం గురించి చెప్పడానికి పెద్దగా లేదు. పెద్దది. పైనుంచి వేలాడుతూ ఉండేది. పెద బావ దాని కింద వెల్లకిలా పడుకోబోతే మామయ్య చెవి పట్టుకుని లేపాడు.

ఇంతకీ నేను చెప్పాలనుకున్నది వేరే. నాది గుంటూరు. అమరావతి మాకు బస్సులో గంట, గంటన్నర. కార్తీక మాసంలో, శివరాత్రికి, ఇంట్లో ఎవరికైనా మొక్కుంటే, అమరలింగేశ్వరుడి గుడికి వెళ్ళడం, కృష్ణలో మునిగి లేవడం, ప్రసాదం పట్టుకుని ఇంటికి రావడం. ఎన్నిసార్లు వెళ్ళామో లెక్కే లేదు. ఆ గుడికి కూతవేటు దూరంలో ఒక స్తూపం ఉండేదని, దాని రాళ్ళ కోసం లోకం కొట్టుకుందని మాకెవ్వరూ చెప్పలేదు. మా ఊరి పక్క సంగతి నాకు తెలిసింది మద్రాసులో, చచ్చిన కాలేజీలో. "మా చిన్నప్పుడు దాన్ని దీపాలదిన్నె అనేవాళ్ళు, మేకలు మేపేవాళ్ళం దాని మీద" అన్నాడు మామయ్య. ఆ ఏడు సెలవులు అయి ఇంటికొచ్చాక నాన్నని పీడించి తీసుకెళ్ళమన్నాను. వెళ్ళాం. గుండ్రంగా ఇటుకల కట్టు, చుట్టూ గడ్డి, అక్కడక్కడా నిలబెట్టిన కొన్ని రాళ్ళు. నాన్న అటూ ఇటూ చూసి "దీనికోసమా ఇంత ఏడ్చావు?" అన్నాడు. ఆయన్ని అనడానికి లేదు, నలగిరిని చూడని మనిషికి అక్కడ నిజంగానే ఏమీ కనబడదు.

ఏం జరిగిందనేది మామయ్య ముక్కలుముక్కలుగా చెప్పాడు, మిగతాది పెద్దయ్యాక నేనే చదువుకున్నాను. జమీందారు వాసిరెడ్డి వెంకటాద్రి నాయుడుగారు 1790ల్లో చింతపల్లి వదిలి అమరావతిలో కొత్త ఊరు కట్టుకుంటున్నప్పుడు మేస్త్రీలకి రాళ్ళు కావాలి. ఎదురుగా దిబ్బ, అందులో నున్నగా చెక్కిన రాళ్ళు. తవ్వారు. ఆ దశాబ్దం చివర్లో కోలిన్ మెకంజీ అనే కంపెనీ సర్వేయరు వచ్చి చూశాడు. ఆయన వెంట పనిచేసింది కావలి సోదరులు, బొర్రయ్య, లక్ష్మయ్య, రామస్వామి, ఏలూరు వైపు తెలుగువాళ్ళు, వాళ్ళు లేకపోతే మెకంజీకి ఈ దేశంలో ఒక్క శాసనం కూడా నోరు విప్పేది కాదు. 1816లో మెకంజీ మళ్ళీ వచ్చేసరికి దిబ్బ మధ్యలో చెరువు తవ్వేసి ఉంది. మిగిలిన రాళ్ళకైనా బొమ్మలు గీయించి పెట్టాడు. ఇవాళ కొన్ని రాళ్ళు ఎలా ఉండేవో తెలిసేది ఆ కాగితాల వల్లే, రాళ్ళు పోయాయి, కాగితాలు మిగిలాయి.

కొన్ని కోనేటి మెట్లయ్యాయి, కొన్ని గోడలయ్యాయి, కొన్ని సున్నం బట్టీలో పడి సున్నమయ్యాయి. ఇంగ్లీషువాళ్ళు వీటిని చలవరాళ్ళని రాశారు గానీ ఇవి మన పలనాటి సున్నపురాయే, కొంచెం ఆకుపచ్చ జీర ఉన్న తెల్లటి రాయి. పిడుగురాళ్ళ మీదుగా ఎప్పుడైనా వెళ్తే సున్నం బట్టీల పొగ చూసే ఉంటారు. ఆ రాయి గుణమే అది, ఉలి పెడితే బొమ్మ అవుతుంది, నిప్పు పెడితే సున్నమవుతుంది. ఎవరి చేతిలో పడిందన్నదే సంగతి.

1845లో వాల్టర్ ఇలియట్ అనే దొర తవ్వించి రాళ్ళని మద్రాసుకి పంపించాడు. అక్కడ కొన్నేళ్ళు ఎండకీ వానకీ ఆరుబయటే పడున్నాయి. 1858లో లినేయస్ ట్రైప్ అనే ఫొటోగ్రాఫరు వాటికి ఫొటోలు తీశాడు, ఆ మరుసటి ఏడే 120కి పైగా రాళ్ళు ఓడెక్కి లండన్ వెళ్ళిపోయాయి. వెళ్ళాక అక్కడ మాత్రం రాజభోగమా అంటే అదీ లేదు, ఫైఫ్ హౌస్ అనే భవంతి బండ్ల కొట్టాల్లో మూలపడి ఉంటే 1860ల్లో జేమ్స్ ఫెర్గూసన్ వెతికి బయటికి తీశాడు. ఇక్కడ అమరావతిలో 1877లో రాబర్ట్ సీవెల్ తవ్వాడు, తర్వాత మధ్యలో మిగిలిన మట్టంతా ఎత్తించేశారు, 1881లో జేమ్స్ బర్జెస్ వచ్చి మిగిలినవి చూసి పదిలపరిచాడు. ఆ దఫా రాళ్ళే ఎక్కువగా మద్రాసు హాల్లో నేను చూసినవి. ఒక్కొక్కడు ఒక్కో మంచి ఉద్దేశంతోనే వచ్చాడు పాపం, ప్రతి మంచి ఉద్దేశానికీ స్తూపం కొంత తరిగింది.

డిగ్రీ అయ్యాక ఓ ఉద్యోగం పరీక్షకి మద్రాసు వెళ్ళి, పరీక్ష అయిన మర్నాడు ఒక్కదాన్నే మ్యూజియానికి వెళ్ళాను. మామయ్య రిటైరయ్యాడు, మోకాళ్ళ నొప్పులు, "నువ్వెళ్ళి చూసొచ్చి చెప్పు" అన్నాడు. తొందరపెట్టే బావలు లేరు కాబట్టి ఆ రోజు మొదటిసారి రాళ్ళ అంచుల మీదున్న అక్షరాలు చూశాను. బ్రాహ్మీ లిపిలో చిన్న చిన్న వాక్యాలు, ఈ రాయి ఫలానా వాళ్ళు ఇచ్చారు అని. రాజుల పేర్లు తక్కువ. వర్తకులు, ఇల్లాళ్ళు, భిక్షువులు, భిక్షుణులు. అమరావతి శాసనాల్లో ఒకదాంట్లో విధికుడనే చర్మకారుడు, నాగుడనే ఆచార్యుడి కొడుకు, తన తల్లి, భార్య, అన్నదమ్ములు, పిల్లలతో కలిసి పూర్ణఘటం చెక్కిన ఫలకాన్ని దానమిచ్చినట్టు ఉంది. పూర్ణఘటం అంటే మన ఆంధ్రప్రదేశ్ రాజముద్రలో ఉన్న పూర్ణకుంభమే, అదీ అమరావతి శిల్పాల్లోంచి తెచ్చుకున్నదే. తోలు పని చేసుకునే మనిషి, రెండువేల ఏళ్ళ కిందట, ఇంటిల్లిపాదితో కలిసి ఇచ్చిన బొమ్మ అది. ఇది చెబితే మామయ్య చాలాసేపు ఏమీ అనలేదు, తర్వాత "చూశావా, ఇన్నేళ్ళూ ఏనుగులు చూస్తూ అక్షరాలు వదిలేశాను" అన్నాడు. భట్టిప్రోలులో 1892లో అలెగ్జాండర్ రే బయటపెట్టిన ధాతు పేటికల, అంటే బౌద్ధుల అస్థికలు దాచిన పెట్టెల, మీది రాతల గురించి కూడా అడిగాడు, ఆ రోజు నాకు వాటిదాకా వెళ్ళే టైము చాల్లేదు.

లండన్ రాళ్ళు చూడ్డం మా అబ్బాయి పుణ్యం. వాడు అక్కడ చదువుకుంటున్నప్పుడు వెళ్ళాను. బ్రిటిష్ మ్యూజియంలో 1992 నుంచి అమరావతికి ప్రత్యేకంగా ఓ గది ఉంది, గాజు గోడ వెనక, చలీ తేమా అన్నీ లెక్క ప్రకారం ఉండేలా. రాళ్ళు శుభ్రంగా, వెలుగు ఎక్కడ పడాలో అక్కడే పడుతూ. స్తూపం మొత్తం ఎలా ఉండేదో చెక్కిన ఫలకం ఒకటుంది అక్కడ, దాని వెనక్కి వెళ్ళి చూస్తే ఇంకా పాత శిల్పం, అంటే అంతకుముందు చెక్కిన రాయినే తిప్పి రెండో వైపు కొత్త బొమ్మ చెక్కారన్నమాట. రాయి వృథా చేసే అలవాటు మనవాళ్ళకి అప్పుడూ లేదు. నాకు కోపం వస్తుందనుకున్నాడు మా అబ్బాయి, ముందే "అమ్మా, ఇక్కడ గొడవ పెట్టకు" అని బతిమాలాడు. కోపం రాలేదు. అసూయ లాంటిదేదో వచ్చింది, ఆ వెలుగు చూసి. తిరిగి తేవాలా వద్దా అని మా బావలు ఇప్పటికీ ఫ్యామిలీ గ్రూపులో కొట్టుకుంటారు. పెద బావ తేవాలంటాడు. చిన బావ, లండన్ దాకా ఎందుకు, ముందు మద్రాసువి ఇస్తారేమో అడుగు అంటాడు. నా మటుకు నాకు, ఎక్కడివక్కడ ఉన్నా ఫర్వాలేదు గానీ, గుంటూరు జిల్లాలో బడికెళ్ళే ప్రతి పిల్లనీ ఒకసారి నలగిరి ముందు నిలబెట్టే ఏర్పాటు ఉంటే బాగుండుననిపిస్తుంది. గుడికి అన్ని బస్సులు వేస్తున్నాం కదా, ఎగ్మూరుకి ఒకటి వేస్తే పోయేదేముంది.

ఈ మధ్య మా పక్కింటివాళ్ళు చెన్నై వెళ్తున్నామంటే నేను చెప్పింది ఇదే. ముందు అమరావతి దిబ్బ చుట్టూ ఓసారి నడవండి, అక్కడున్న పురావస్తుశాఖ మ్యూజియం కూడా చూడండి, ఆ తర్వాత ఎగ్మూరు వెళ్ళండి. మేం చూసినట్టు తిరగేసి చూస్తే, ఎగ్మూరు రాళ్ళ తర్వాత దిబ్బ వెలవెలబోతుంది. మ్యూజియానికి శుక్రవారం సెలవు, అది చూసుకుని వెళ్ళండి. కంచు విగ్రహాలు వేరే భవనంలో ఉంటాయి, తిరువాలంగాడు నటరాజు అక్కడే, దానికి విడిగా ఓ పూట పెట్టుకోండి. పిల్లలు తిమింగలం అని గోల చేస్తే చేయనివ్వండి, టికెట్లు మీ చేతిలోనే ఉంటాయి కదా.